తల్లీబిడ్డా క్షేమం అన్న తర్వాత

జగ్గయ్యపేటలో స్టీలు సామాను కొన్నవాళ్ళు పేరు కొట్టించుకోకుండా ఇంటికి పట్టుకెళ్ళరు. పెళ్ళిలో పెట్టే బిందెకైనా, గృహప్రవేశానికి పంచే డబ్బాకైనా, పెద్దకర్మనాడు భోజనానికి వచ్చినవాళ్ళ చేతిలో పెట్టే పళ్ళేనికైనా పేరుండాల్సిందే. పేరు లేని గిన్నె ఊరందరిదీ అంటారు. మెయిన్ బజార్లో తిరుపతిరావు గారి కొట్లో ఆ పేర్లు కొట్టే పని కోడలు చందనది.

ఆమె పుట్టిల్లు నందిగామ. ఇంటర్ రెండో ఏడు సగంలో ఉండగా మంచి సంబంధం వచ్చిందని చదువు ఆపించారు. ఎదురు చెప్పే అలవాటు ఆమెకి లేదు. అత్తవారింటికి వచ్చిన కొత్తలో నలుగురిలో నోరు విప్పడం చాతకాక కొట్లో ఓ మూల ఒదిగి కూర్చునేది. పేర్లు కొట్టే మిషను ఆ మూలే ఉండేది. పెన్నులాంటి సూది బర్రుమని వణుకుతూ స్టీలు మీద గీత గీస్తుంది. చెయ్యి ఏమాత్రం జారినా చెరపడం కుదరదు. ఓ రోజు మామగారు పనికిరాని మూత ఒకటి ఇచ్చి కొట్టి చూడమన్నారు. గుండ్రటి అక్షరాలు వరస తప్పకుండా పడ్డాయి. తర్వాత కొన్నాళ్ళకి పల్లెల నుంచి వచ్చినవాళ్ళు ఆ అమ్మాయి చేతే కొట్టించండి అని అడగడం మొదలుపెట్టారు. మాట్లాడకుండానే మన్నన దొరికే పని లోకంలో ఒకటుందని చందనకి అప్పుడే తెలిసింది.

అత్తగారు సత్యనారాయణమ్మ గల్లాపెట్టె దగ్గర కూర్చునేది. బేరంలో ఆమెని గెలిచినవాళ్ళు లేరు. కోడలు కొట్టిన పేరు చూపించేటప్పుడు మాత్రం ఆమె మొహంలో బేరం ఉండేది కాదు. ముత్యాలు పేర్చినట్టుంది చూడండని గిరాకీ చేతిలో గిన్నె పెట్టి, వాళ్ళు ఔననేదాకా వదిలేది కాదు.

తొలి కాన్పుకి చందన నందిగామ వెళ్ళింది. ఎనిమిదో నెల నిండేసరికి కాళ్ళకి నీరు పట్టింది. అందరూ మామూలే అన్నారు. తలనొప్పి వస్తే ఎండ అన్నారు. ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ఉండగా కళ్ళముందు మిణుగురులు తిరిగాయి, ఆ తర్వాత ఆమెకి ఏమీ తెలియదు. ఒళ్ళు కొయ్యబారి కొట్టుకుంటుంటే అమ్మ తన చేతిలో తాళాల గుత్తి పెట్టి పిడికిలి బిగించిందట. గుర్రపువాతం అని పక్కింటి ముసలావిడ గుర్తుపట్టి అంబులెన్సు పిలిపించిందట. విజయవాడలో పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. చందన కళ్ళు తెరిచేసరికి పక్కన పిడికెడంత ఆడపిల్ల.

నందిగామ నుంచి జగ్గయ్యపేటకి ఫోను వెళ్ళింది. తల్లీబిడ్డా క్షేమం. తిరుపతిరావు గారు బజారంతా పాలకోవా పంచారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టర్లు బీపీ చూశారు, కుట్లు చూశారు, పాప బరువు చూశారు. అన్నీ బాగున్నాయన్నారు.

పాపకి ఐదో నెల వచ్చాక చందన మళ్ళీ కొట్లో కూర్చుంది. చెయ్యి పాతదే, అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వస్తున్నాయి. కానీ సూది కదులుతుండగానే కొట్టవలసిన మాట ఎక్కడికో పోయేది. కాగితం చూసుకుని మొదలుపెట్టి, నాలుగక్షరాలు కొట్టి, మళ్ళీ కాగితం చూసేది. చూసి తలెత్తేలోగా మళ్ళీ పోయేది. నిద్ర చాలక అనుకుంది. అత్తగారూ అదే అంది.

ఆ నెలలోనే రెండు బేరాలు ఒకేసారి వచ్చాయి. చిల్లకల్లు నుంచి ఒకరు తండ్రి పెద్దకర్మకి పళ్ళేలు అడిగారు. ఊళ్ళోనే భవానీప్రసాద్ అనే ఆయన కొత్తిల్లు కట్టుకుని గృహప్రవేశానికి డబ్బాలు అడిగాడు. చందన పళ్ళేలు సరిగానే కొట్టింది. డబ్బాల దగ్గరికొచ్చేసరికి భవానీప్రసాద్ పేరు ముందు కీర్తిశేషులు అని, కింద జ్ఞాపకార్థం అని కొట్టుకుంటూ పోయింది. ఒక్కదాని మీద కాదు, అన్నింటి మీదా. మూటకట్టి ఇచ్చేశారు.

భవానీప్రసాద్ ఒక డబ్బా తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. అరవలేదు. వెనక నిలబడ్డ అతని భార్య మాత్రం మంగళసూత్రాలు పట్టుకుని ఏడుస్తోంది. తిరుపతిరావు గారు చేతులు జోడించి, మిషను పని తెలియని బయటి మనిషికి ఇచ్చాం, తప్పయిపోయిందన్నారు. చందన లోపలి గదిలో నిలబడి అంతా విన్నది. ఆమెని ఎవరూ ఒక్క మాట అనలేదు. మర్నాడు పొద్దున అత్తగారు, పిల్ల చిన్నది గదా, ఇంటిపట్టున ఉండమ్మా అంది. అంతే. మిషను దగ్గర వేరే మనిషి కూర్చున్నాడు.

పాపకి ఏడాది నిండిన తర్వాత విజయవాడ పెద్దాసుపత్రి నుంచి ఫోను వచ్చింది. మాట్లాడిన అమ్మాయి పేరు జాయిస్. గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగి ప్రాణం మీదికి వచ్చినవాళ్ళని కొందరిని నందిగామలో కూర్చోబెట్టి మాట్లాడదామనుకుంటున్నామని, ఇంట్లో పెద్దవాళ్ళని కూడా తీసుకురమ్మని చెప్పింది. చందన భర్త సాయిప్రసాద్ వెళ్ళమన్నాడు. పాపని అతని దగ్గర వదిలి అత్తాకోడళ్ళు బస్సెక్కారు.

ఒక కల్యాణమండపం పైఅంతస్తులో జంపఖానా పరిచి ఉంది. పదిమంది లోపు పిల్లతల్లులు, వాళ్ళ పక్కన తల్లులో అత్తలో. డాక్టర్ కమలాకుమారి కుర్చీ వద్దని తనూ కిందే కూర్చుంది. ఈ జబ్బుకి ఏ వైద్యం మేలో తేల్చాలని ఎన్నో చోట్ల పరిశోధనలు చేస్తున్నారని చెప్పింది. కానీ ఒకళ్ళు బీపీ ఎంత దిగిందో కొలుస్తారు, ఒకళ్ళు బిడ్డ బరువు కొలుస్తారు, ఇంకొకళ్ళు ఆసుపత్రిలో ఎన్నాళ్ళున్నారో రాసుకుంటారు. తీరా అన్నీ పక్కపక్కన పెట్టి చూద్దామంటే పొంతన ఉండదు. అందుకని అందరూ తప్పకుండా కొలవాల్సినవి ఇవీ అని ముందుగా ఒప్పందానికి రావాలి. అది డాక్టర్లే కూర్చుని రాసేసుకుంటే కాదు, అనుభవించినవాళ్ళు చెప్పాలి అంది.

సత్యనారాయణమ్మకి ఇది వెంటనే పట్టుబడింది.

"ఒకడు శేరుకి చెప్తాడు, ఒకడు కిలోకి చెప్తాడు, ఇంకోడు డజనుకి చెప్తాడు. ఏ కొట్లో చవకో ఎట్టా తెలుస్తుందండీ. అంతేగా మీరనేది?"

అంతేనమ్మా అంది డాక్టరు. ఎక్కువ రాసుకుంటే ఎవరూ కొలవరు కాబట్టి ఆఖరికి పదో పన్నెండో ఉంచి మిగిలినవి తీసేస్తామని కూడా చెప్పింది. ఒకటి లోపలికొస్తే ఇంకొకటి బయటికి పోవాలి. ఆ మాట చందన చెవిలో ఉండిపోయింది.

జాయిస్ జంపఖానా మీద అట్టలు పరిచింది. ఒక్కో అట్ట మీద ఒక్కో సంగతి. మళ్ళీ ఫిట్స్ రావడం, మూత్రపిండాలు చెడటం, బిడ్డ నెలలు నిండకుండా పుట్టడం, బిడ్డని గాజుపెట్టెలో పెట్టడం, కుట్లు చీము పట్టడం, పాలు పడకపోవడం. అందరి చేతుల్లో తలా గుప్పెడు చింతగింజలు పోసి, ఏది ముఖ్యమనుకుంటే దాని మీద వెయ్యమంది. ముందు మొహమాటపడ్డారు. తర్వాత గింజలు టపటపా పడ్డాయి. బిడ్డ సంగతులున్న అట్టలు నిండిపోయాయి. తల్లి సంగతులున్న అట్టల మీద ఎవరైనా గింజ వేసేముందు పక్కనున్న పెద్దావిడ మొహం ఒకసారి చూసి మరీ వేస్తున్నారు. చందన కూడా చూసింది.

జాయిస్ లెక్కపెట్టి, తెల్లబోయి, మళ్ళీ లెక్కపెట్టింది. తల్లి మరణం, బిడ్డ మరణం అన్న రెండు అట్టల మీద ఒక్క గింజ కూడా లేదు. సరిగ్గా అర్థం కాలేదేమోనని డాక్టరు మళ్ళీ మొదటినుంచీ వివరించబోయింది. పెనుగంచిప్రోలు నుంచి కోడల్ని వెంటబెట్టుకొచ్చిన పున్నమ్మ అనే పెద్దావిడ అడ్డుపడింది.

"అర్థమయ్యే వెయ్యలేదమ్మా. పసిపిల్లల తల్లులు, చేతులారా చావు మీద గింజ వేస్తారా? మా కోడలు వెయ్యబోతుంటే నేనే మోచేత్తో పొడిచా."

పున్నమ్మ కోడలు జయమణి పక్కటెముకలు తడుముకుంది. అందరూ నవ్వారు, డాక్టరు కూడా నవ్వింది. ఆ అట్టల్ని వెనక్కి తిప్పి, స్కెచ్ పెన్నుతో తల్లి ప్రాణాలతో ఇంటికి రావడం, బిడ్డ ప్రాణాలతో ఇంటికి రావడం అని రాసింది. మిగుల్చుకున్న గింజలు చాలావరకు వాటి మీద గుట్టపడ్డాయి. సంగతి ఒకటే. అడిగిన తీరు మారేసరికి చేతులు కదిలాయి. నిన్నటిదాకా తనని ఎవరూ ఏ తీరునా అడగలేదని చందన అనుకుంది.

చివరికి జాయిస్ ఏమీ రాయని తెల్ల అట్ట ఒకటి మధ్యలో పెట్టింది. ఇందులో లేనిది, మీకు మాత్రం ముఖ్యమనిపించేది ఏదైనా ఉంటే చెప్పండి అంది. కింద వంటవాళ్ళు డేగిసాలు ఈడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"మరుపండి," అంది చందన. అన్నదని ఆమెకే నమ్మకం లేనంత చిన్నగా.

జాయిస్ ఇటు తిరిగింది. చందన ఇంకో మాట అనేలోపు సత్యనారాయణమ్మ అందుకుంది. పసిపిల్లతో నిద్రుండదు గదమ్మా, ఎవరికైనా ఉండేదే, దానికేముంది అని నవ్వేసి, "మా కోడలు బానే ఉంది" అంది.

జాయిస్ పెన్ను మూత పెట్టింది.

అత్తగారు ఎందుకలా అన్నదో చందనకి బాగా తెలుసు. ఆ గదిలో జగ్గయ్యపేటవాళ్ళు ఇద్దరున్నారు. ఫలానా వాళ్ళ కోడలికి కాన్పులో మతి చెడిందట అన్న మాట సాయంత్రం బస్సుకి వాళ్ళకంటే ముందే ఊరు చేరుతుంది. రేపు కొట్టుకి వచ్చిన గిరాకీ గిన్నె తిప్పి తిప్పి చూస్తుంది. ఎల్లుండి పాప పెద్దదైతే సంబంధాల దగ్గర తల్లి సంగతి ఎత్తుతారు. అత్తగారు అడ్డం వేసిన చెయ్యి తనని కొట్టడానికి కాదు, కప్పడానికి. ఇన్నాళ్ళూ ఆ కప్పు కింద తనూ వెచ్చగానే ఉంది. కానీ జాయిస్ ఆ తెల్ల అట్టని ఎత్తి మిగతావాటితో కలిపేయబోతోంది. తెల్లగానే పోతే ఇక ఏ ఊళ్ళోనూ ఏ డాక్టరూ ఏ బాలింతనీ ఆ సంగతి అడగడు. అడగని సంగతి ఇంట్లో బద్ధకం అవుతుంది, నిర్లక్ష్యం అవుతుంది, పిల్ల చిన్నది గదా ఇంటిపట్టున ఉండు అవుతుంది.

"బాలేదత్తయ్యా," అంది చందన.

సత్యనారాయణమ్మ నవ్వు అక్కడే ఆగిపోయింది. చందన ఆమె వైపు చూడలేదు. చూస్తే ఇంకో మాట రాదని తెలుసు. చేతిలో మిగిలిన గింజ వైపు చూస్తూ చెప్పింది.

"పాపకి నీళ్ళు పోసానో లేదో నాకు తెలీదండీ. జుట్టు తడిగా ఉందేమో పట్టుకు చూసి తెలుసుకుంటా. ఏదన్నా రాస్తుంటే, రాస్తుండగానే ఏం రాస్తున్నానో పోతుంది. ఆ రోజు వాతం రాకముందు నాకిట్టా లేదు. బద్ధకం అనుకున్నా. అందరూ క్షేమం అన్నారు గదా, నేనూ క్షేమమే అనుకున్నా. వెళ్ళేటప్పుడు కుట్లు చూసారు, బీపీ చూసారు. దీన్నెవరూ అడగలేదండి."

డబ్బాల సంగతి ఆమె ఎత్తలేదు. రాయడం అన్న మాట దగ్గర పక్కన అత్తగారి ఊపిరి ఒక్క క్షణం నిలిచింది. చందన ఆ మాటని అంతకుమించి పొడిగించలేదు.

డాక్టరు వెంటనే ఓదార్చలేదు. ఇది వాతం వల్లే వచ్చిందో, నిద్రలేమో, ఇంకేదన్నానో ఇప్పుడు చెప్పలేనమ్మా అంది. ఇలాంటి మాట వేరే చోట్ల కూడా కొందరు తల్లులు చెప్పారు, కానీ పట్టుబట్టి కొలిచినవాళ్ళు తక్కువ, కొలవకపోతే ఎప్పటికీ తెలియదు అంది. జయమణి ఉన్నట్టుండి తల ఎత్తింది.

"నేను పేట ఆటో ఎక్కి, ఎక్కడ దిగాలంటే చెప్పలేక దిగిపోయా," అంది. "చేలోకి నడిచెళ్ళిపోయా. ఇంట్లో చెప్పలా."

పున్నమ్మ తిరిగి కోడలి మొహంలోకి చూసింది. ఈసారి మోచెయ్యి లేవలేదు.

తెల్ల అట్ట మీద జాయిస్ మరుపు అని రాసింది. గింజలు అప్పటికి చాలామంది దగ్గర అయిపోయాయి. చందన తన చేతిలో ఉన్నది వేసింది. జయమణి ఒకటి వేసింది. ఇంకెవరో ఒకావిడ బిడ్డ అట్ట మీద నుంచి ఒక గింజ తీసి ఇటు వేసి, తప్పు చేసినట్టు తలొంచుకుంది. పెద్ద గుట్టల పక్కన అది మూడు గింజల అట్ట. రెండో విడత ఫోన్లో అడుగుతామని, ఒక్కో సంగతికి ఒకటి నుంచి తొమ్మిది దాకా మార్కులు వెయ్యాలని, తల్లులు, ఇంటివాళ్ళు, నర్సులు, డాక్టర్లు అందరూ వేసిన తర్వాతే ఏది ఉంటుందో ఏది పోతుందో తేలుతుందని చెప్పి పంపించారు.

బస్సులో పక్కన సీటు ఖాళీగా ఉన్నా సత్యనారాయణమ్మ వెళ్ళి ముందు కూర్చుంది. ఇంటికొచ్చాక చెప్పులు విడుస్తూ ఒకే మాట అంది.

"పదిమందిలో నన్ను అబద్ధాలదాన్ని చేసావు."

కాదని చందన అనలేదు. నిజానికి చేసింది. ఆ మాట ఎన్ని రాత్రులు తిరగేసుకున్నా వేరే దారి కనిపించలేదు. అత్తగారి పరువు నిలబెడుతూ ఆ నిజం చెప్పే మాట తెలుగులో ఏదన్నా ఉందేమో, ఉంటే తనకి దొరకలేదు.

అప్పట్నించీ అత్తగారు కోడలితో మాట్లాడటం మానేసింది. చెప్పాల్సినవన్నీ ఇంకా మాటలు రాని మనవరాలితో చెప్పేది. పప్పు నానబెట్టమని మీ అమ్మకి చెప్పవే. మీ తాత భోజనానికి ఆలస్యంగా వస్తాడని చెప్పవే. పాప రెండుచేతులూ ఊపి కబుర్లు మోసుకొచ్చినట్టే నవ్వేది. చందన పాపకే సరే అని జవాబు చెప్పేది. సాయిప్రసాద్ ఇద్దరినీ చూసి, ఈ ఇంట్లో తనకన్నా తన కూతురికే పని ఎక్కువైందని నవ్వబోయి, ఎవరూ నవ్వకపోతే ఊరుకునేవాడు. పేటలో గుసగుసలు ఒకటి రెండు వచ్చిన మాట కూడా నిజమే. కొట్లో ఒకావిడ, మీ కోడలు ఇప్పుడెట్టా ఉందని జాలి గొంతుతో అడిగిందట. సత్యనారాయణమ్మ ఏమని చెప్పిందో చందనకి తెలియలేదు.

ఎండలు ముదిరాక ఓ ఆదివారం జాయిస్ ఫోను చేసింది. చందన తన మార్కులు చెప్పేసింది. మీ అత్తయ్యగారికి ఇవ్వండి, ఆవిడవీ కావాలి అంది జాయిస్. చందన ఫోను అత్తగారి చేతిలో పెట్టి, తడిబట్టల బకెట్ తీసుకుని డాబా మీదికి పోయింది.

సత్యనారాయణమ్మ ఫోను ఎప్పుడూ చెవికి పెట్టుకోదు. గిరాకీ మాట ఇంటాయనకి కూడా వినబడాలని స్పీకర్లో పెట్టి అరచేతిలో పట్టుకుంటుంది. ఆ అలవాటున మెట్ల మీద కూర్చుని మాట్లాడుతుంటే పైకి అంతా వినబడుతోంది. మళ్ళీ ఫిట్స్ రావడం. ఎనిమిది. బిడ్డ బరువు. ఏడు. పాలు పడకపోవడం. ఐదు, డబ్బాపాలున్నాయి గదమ్మా ఇప్పుడు. ప్రతిదానికీ ధర కట్టినట్టే చెబుతోంది, ఒక్కోసారి చెప్పింది వెనక్కి తీసుకుని ఒకటి తగ్గిస్తోంది.

కాన్పు తర్వాత తల్లికి మరుపు, పని మీద ధ్యాస నిలవకపోవడం, అంది జాయిస్ గొంతు.

చందన చేతిలో పాప గౌను నీళ్ళు కారుతూ అలాగే ఉంది.

"హలో అమ్మా, వినబడుతోందాండీ?"

"వినబడుతోంది."

మెట్ల మీద గాజుల చప్పుడైంది.

"తొమ్మిదికి పైన లేదా?"

"తొమ్మిదే ఆఖరమ్మా."

"తొమ్మిదెయ్యమ్మా. వేసాక తగ్గించమాకండి."

తర్వాత కుట్ల సంగతి వచ్చింది. ఆరు అంది. అంతా అయ్యాక, ఇవన్నీ ఎప్పటికి తేలతాయని అడిగింది. ఇంకా చాలామందిని అడగాలని, ఏవి మిగులుతాయో అప్పుడే చెప్పలేమని జాయిస్ అంది.

సత్యనారాయణమ్మ మెట్లెక్కి పైకొచ్చింది. బకెట్లోంచి చీర ఒకటి తీసి ఒక కొస కోడలి వైపు విసిరింది. ఇద్దరూ చెరో పక్క పట్టుకుని పిండి దులిపారు. నీటి తుంపర ఇద్దరి మొహాల మీదా పడింది. తీగ మీద చీర సర్దుతూ, కోడలి వైపు చూడకుండా, దీనికి మందో మాకో ఉంటుందేమో ఆ డాక్టరమ్మ చెప్తుందంటావా అని అడిగింది. పాపని మధ్యలో పెట్టకుండా నేరుగా అడిగింది.

"అడిగితే చెప్తారేమో అత్తయ్యా. ఫోన్ చేసి అడుగుతా."

"నువ్వు మర్చిపోతావు," అంది సత్యనారాయణమ్మ క్లిప్పులు తీసుకుంటూ. "నేనడుగుతాలే."